మూల మీద మంచుగుట్ట

ఆ ఉదయం కూడా డెనీస్ లేవగానే చేసిన మొదటి పని కూతురి పాదాలు చూడటం. కొరీన్ మంచం అంచున కూర్చుని ఫోన్‌లో ఏదో చదువుకుంటోంది. డెనీస్ నేల మీద చతికిలబడి ఆమె మేజోళ్ళు తీసి, ఒక్కొక్క వేలూ విడదీసి, మడమ తిప్పి చూసి, రెండు పాదాలనూ కాసేపు తన అరచేతుల మధ్య పెట్టుకుంది. కొరీన్ వెన్నులో లోపంతో పుట్టింది. నడుము కింద వేడీ తెలియదు, చలీ తెలియదు. బళ్ళో చదివే రోజుల్లో ఒక జనవరి సాయంత్రం తడిసిన మేజోళ్ళతోనే కూర్చుండిపోతే, రెండు వేళ్ళు నల్లబడేదాకా ఎవరూ గమనించలేదు. వేళ్ళయితే దక్కాయి. ఆ రోజు ఆస్పత్రిలో డెనీస్‌కి పట్టుకున్న భయం మాత్రం, కూతురికి ఇరవై మూడేళ్ళొచ్చినా వదల్లేదు.

బయట మంచు పడుతూనే ఉంది. ఈరీ సరస్సు మీంచి గాలి మళ్ళినప్పుడల్లా బఫెలో నగరంలో ఇది మామూలే కాబట్టి ఎవరూ కిటికీ దగ్గరికి కూడా వెళ్ళలేదు. డెనీస్ భర్త వాల్ట్ నోవిట్స్కీ నగరపాలక సంస్థలో మంచు తోసే బండి నడుపుతాడు. అతను తెల్లవారకముందే పనిలోకి వెళ్ళిపోయాడు. పై వాటాలో ఉండే వాల్ట్ తల్లి, ఇంటిల్లిపాదీ బుషా అని పిలిచే ముసలావిడ, అలవాటు ప్రకారం కిందికి దిగొచ్చి కాఫీ కలుపుకుని బల్ల దగ్గర కూర్చుంది. డెనీస్ పనిచేసే బడికి మంచు వల్ల ఆ రోజు సెలవు. అక్కడి వంటశాలలో ఆమె పెద్ద వంటమనిషి.

కొరీన్ వీల్‌చైర్ తోసుకుంటూ వంటింట్లోకి వచ్చి, రొట్టెకి వెన్న రాసుకుంటూ, ఫిబ్రవరిలో తాను షికాగో వెళ్తున్నానని చెప్పింది.

"వెళ్తానని అడుగుతున్నావా?" అంది డెనీస్.

"కాదు. చెప్తున్నాను."

బుషా కాఫీ కప్పు కింద పెట్టింది.

దాని వెనక కథ చాలానే ఉంది. కుర్రకారు ప్రయాణాల కోసం నడిచే ఒక వెబ్‌సైట్‌లో కొరీన్ మూడు శీతాకాలాలుగా రాస్తోంది. ఎండ తప్ప ఎరగని ఊళ్ళ నుంచి చలికాలంలో న్యూయార్క్‌కో, బోస్టన్‌కో, షికాగోకో వెళ్దామనుకునే పిల్లలకి సలహాలు. నూలు మేజోళ్ళు చెమట పీల్చుకుని కాళ్ళని చల్లబరుస్తాయి, ఉన్నివే వేసుకోండి. ఫోన్ లోపలి జేబులో పెట్టుకోండి, పైజేబులో ఉంటే చలికి బ్యాటరీ చచ్చిపోతుంది. వెచ్చదనం కోసం మందు తాగకండి, వెచ్చబడినట్టు అనిపిస్తుందే గానీ ఒంట్లో ఉన్న వేడి కాస్తా పోతుంది. తిరుగు ప్రయాణానికి ఒక రోజు అదనంగా పెట్టుకోండి, మంచు మీ టికెట్ చూసి ఆగదు. ఇలా ఉండేవి ఆమె రాతలు. పల్చటి కోటుతో ఫొటోల కోసం దిగేవాళ్ళని విమానాశ్రయం నుంచే వెనక్కి పంపాలని కూడా ఒకసారి రాసింది. ఆ పెంకితనమే చదివేవాళ్ళకి నచ్చింది.

క్రిస్మస్ తర్వాత ఆరిజోనాలోని టూసాన్ నుంచి ఒక అమ్మాయి ఆమెకి రాసింది. పేరు మారిసోల్. పందొమ్మిదేళ్ళు. వయొలిన్ లాంటిదే, కాస్త పెద్దదైన వయోలా వాయిస్తుంది. ఫిబ్రవరి ఆఖరున షికాగోలో ఒక సంగీత కళాశాలవాళ్ళు, సీటు ఇచ్చేముందు వాయించి వినిపించమని ఆమెని పిలిచారు. ఆమె కూడా వీల్‌చైర్‌లోనే తిరుగుతుంది. జీవితంలో మంచు చూడలేదు. కొరీన్ ఫొటో చూసి ధైర్యం తెచ్చుకుని ఒకే ఒక్క మాట అడిగింది: నువ్వు కుర్చీలో అక్కడికి వెళ్ళినప్పుడు ఏం చేశావు?

కొరీన్ ఆ ప్రశ్న ముందు చాలాసేపు కూర్చుండిపోయింది. ఎందుకంటే ఆమె ఎక్కడికీ వెళ్ళలేదు. శీతాకాలంలో బఫెలో దాటలేదు. నిజం చెప్పాలంటే, చాలా ఏళ్ళుగా శీతాకాలంలో తన వీధి దాటింది కూడా తల్లి కారులోనే. ఆమె రాసిన సలహాలు తప్పులు కావు. కానీ ఆ అమ్మాయికి కావలసింది అవి కావు. అందుకే మారిసోల్ కన్నా ముందు తానే వెళ్ళి, ఏ దారిలో కుర్చీ వెళ్తుందో, ఎక్కడ ఆగిపోతుందో చూసి రావాలని టికెట్ కొనేసింది.

ఇదంతా విన్నాక డెనీస్ పెద్దగా అరవలేదు. అంట్లు కడగడం మొదలుపెట్టి, కూతురి వైపు చూడకుండానే మాట్లాడింది. షికాగో గాలి గురించి చెప్పింది. హోటళ్ళవాళ్ళు ఫోన్‌లో ఒకటి చెప్పి, వెళ్ళాక మరొకటి చూపిస్తారని చెప్పింది. పోనీ తాను సెలవు పెట్టి వెంట వస్తానంది. కొరీన్ అక్కర్లేదంది. వెంట అమ్మ ఉంటే తాను చూసొచ్చేది అమ్మ తోసే కుర్చీకి పనికొచ్చే దారేనంది.

"నీ కాళ్ళకి చలి తెలీదు కొరీన్," అంది చివరికి డెనీస్. "నీకు తెలిసేసరికి వేళ్ళు పోతాయి. అక్కడ నీ పాదాలు ఎవరు చూస్తారు?"

"నేను చూసుకుంటాను. నాకు కళ్ళున్నాయి, చేతులున్నాయి."

"ఇక్కడ ఎప్పుడైనా చూసుకున్నావా?"

"నువ్వు చూడనిచ్చావా?"

డెనీస్ కుళాయి కట్టేసింది. కొరీన్ ఆగలేదు. "బళ్ళో నువ్వు ఎప్పుడైనా రుచి చూడకుండా పిల్లలకి సూప్ వడ్డించావా అమ్మా? నేను మూడేళ్ళుగా అదే చేస్తున్నాను. నాకు సిగ్గుగా ఉంది."

ఆ మాటకి డెనీస్‌కి కోపం వచ్చింది. తడి చేతులు తువ్వాలుకి తుడుచుకుని, కిటికీ వైపు చూపించి, అంత ధైర్యమే ఉంటే ఇప్పుడు, ఈ మంచులో, వీధి చివరున్న మందుల షాపుకి ఒక్కతీ వెళ్ళి రమ్మంది. వచ్చాక షికాగో సంగతి మాట్లాడదామంది. కూతురు నోరు మూసుకుంటుందని అన్న మాట అది. కొరీన్ మాత్రం రొట్టె ముక్క నోట్లో పెట్టుకుని తన గదిలోకి వెళ్ళి బట్టలు మార్చుకోవడం మొదలుపెట్టింది.

ఒంటికి అంటుకునే పల్చటి ఉన్ని చొక్కా, దాని మీద మందపు స్వెట్టర్, ఆ పైన గాలి చొరబడని కోటు. చేతులకి లోపల సన్నటి ఉన్ని గ్లవ్స్, వాటి మీద చక్రాలు జారకుండా పట్టుకునే రబ్బరువి. డెనీస్ గుమ్మంలో నిలబడి చూస్తూ, ఇంకా వద్దంటే బాగుండదని ఊరుకుంది. వాకిట్లో కుర్చీ దిగడానికి వేసిన వాలుబల్ల మీది మంచు వాల్ట్ వెళ్ళేముందే తీసేశాడు. కొరీన్ దాని మీంచి దిగి కాలిబాట మీదికి వెళ్ళింది.

ఆ వీధిలో చాలామంది ఎవరి ఇంటి ముందు మంచు వాళ్ళు ఊడ్చుకుంటారు. కొన్ని చోట్ల తొలగించి చాలాసేపై, మళ్ళీ బెత్తెడు మంచు పడింది. అలాంటి చోట కొరీన్ కుర్చీని వెనక్కి తిప్పేది. ముందున్న చిన్న చక్రాలు మంచులో కూరుకుపోతాయి కాబట్టి, పెద్ద చక్రాల మీద భారం వేసి, వీపు ముందు పెట్టి వెళ్ళాలి. ఇది ఆమె ఎక్కడా చదివింది కాదు. చిన్నప్పుడు పెరట్లో ఆడుకుంటూ తనకు తానే కనిపెట్టింది. అలా వెనక్కీ ముందుకీ తిరుగుతూ మూల దాకా వెళ్ళి అక్కడ ఆగిపోయింది.

మూల మీద నడుమెత్తు మంచు గుట్టగా ఉంది. రెండు వీధుల మంచునూ బండి తోసుకొచ్చి అక్కడ పోసింది. కాలిబాట నుంచి రోడ్డు మీదికి దిగడానికి ఉన్న వాలు సరిగ్గా ఆ గుట్ట కింద ఉంది. కొరీన్ వెనక్కి తిరిగి ఒకసారి ప్రయత్నించింది, ఇంకోసారి ప్రయత్నించింది. చక్రం సగం దిగి బిగుసుకుపోయింది. చేతులతో మంచు తవ్వి బయటపడింది. ఇంటికి వెళ్ళిపోవడం సులువే. ఆమె మాత్రం పక్కింటి కార్ల దారిలోంచి రోడ్డు మీదికే దిగి, రోడ్డు అంచు పట్టుకుని ముందుకి సాగింది.

కిటికీ దగ్గర నిలబడ్డ డెనీస్ అది చూసి బూట్ల కోసం పరిగెత్తింది. బుషా ఆమె చెయ్యి పట్టుకుంది. "పరీక్ష పెట్టింది నువ్వే డెనీస్. మధ్యలో వెళ్ళి పాడు చెయ్యకు."

"అది రోడ్డు మీదికి దిగింది అత్తయ్యా."

బుషా కిటికీలోంచి తొంగి చూసింది. "అయితే నా బూట్లు కూడా అందుకో," అంది.

సరిగ్గా అప్పుడే ఆ వీధిలోకి పసుపు దీపాలు తిప్పుకుంటూ మంచు తోసే బండి వచ్చింది. నడుపుతున్నది వాల్ట్. ఎదురుగా రోడ్డు మీద ఎర్రకోటుతో ఒక వీల్‌చైర్ కనిపించేసరికి ముందు ఎవరో పిచ్చివాళ్ళనుకున్నాడు. దగ్గరికొచ్చాక అడ్డంగా ఆపేసి కిందికి దూకాడు. వెనక మూడు నాలుగు కార్లు ఆగిపోయాయి.

"రోడ్డు మీద ఏం చేస్తున్నావే?"

"మందుల షాపుకి వెళ్తున్నాను."

"కాలిబాట ఏమైంది?"

"నువ్వే చెప్పాలి నాన్నా." కొరీన్ మూల వైపు చూపించింది. "అక్కడ వాలు ఉంది. నీకు తెలుసు. దాని మీద ఆ గుట్ట ఎవరు పోశారు?"

వాల్ట్ చూశాడు. పొద్దున్న అటుగా వెళ్ళినప్పుడు బండి ముందు పలకని కుడికి తిప్పి మంచు విదిలించింది అతనే. రోడ్డు తియ్యడమే తన పనని, తీసిన మంచు ఎక్కడో ఒకచోట పడాలి కదా అని, మూల ఇంటివాళ్ళే దాన్ని ఎత్తిపోసుకోవాలని ఏదో చెప్పబోయాడు. మూల ఇంట్లో నిరుడు వేసవి నుంచి ఎవరూ లేరన్న సంగతి తండ్రికి గుర్తుచేసింది కొరీన్. వెనక కారులో ఒకాయన హారన్ కొట్టాడు. వాల్ట్ చెయ్యెత్తి ఆగమని సైగ చేసి, కూతుర్ని బండెక్కమన్నాడు. కుర్చీ వెనక కట్టేసి షాపు దగ్గర దింపేస్తానన్నాడు.

"ఎక్కను," అంది కొరీన్. ఆమె చూపు తిప్పలేదు. "చిన్నప్పటి నుంచీ చలికాలమంతా ఇంట్లో కూర్చున్నాను. చలి వల్ల అనుకున్నావా నాన్నా? కాదు. ఈ గుట్ట వల్ల."

వాల్ట్ ముప్పై శీతాకాలాలుగా ఆ బండి నడుపుతున్నాడు. బాగా నడుపుతాడని అతనికి పేరు. తన వీధి అందరికన్నా ముందు శుభ్రమవుతుందని గర్వం కూడా ఉండేది. అతను బండి పక్కన తగిలించిన పార తీసుకుని మూల దగ్గరికి నడిచాడు. ఇంతలో డెనీస్ టోపీ కూడా లేకుండా పరిగెత్తుకొచ్చి కుర్చీ వెనక పిడులు పట్టుకుంది. కొరీన్ రెండు చక్రాలకీ బ్రేకులు బిగించేసింది.

"చేతులు తియ్యమ్మా."

డెనీస్ తియ్యలేదు. తీస్తే ఆ చేతుల్ని ఏం చేసుకోవాలో ఆమెకి తెలియలేదు. మూల దగ్గర్నుంచి వాల్ట్, తల ఎత్తకుండానే, బండిలో ఇంకో పార ఉందన్నాడు. డెనీస్ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, పిడులు వదిలేసి, వెళ్ళి పార తెచ్చుకుంది. ఒప్పుకుని కాదు. ఊరికే నిలబడి చూడలేక. మొగుడూ పెళ్ళాం మంచు ఎత్తిపోస్తుంటే, హారన్ కొట్టినాయన విసుక్కుంటూనే దిగొచ్చి, గడ్డకట్టిన పెద్ద పెద్ద ముద్దల్ని బూటుతో తన్ని పక్కకి నెట్టాడు. వాలు బయటపడింది. బుషా వాకిట్లోనే కర్ర మీద ఆనుకుని అంతా చూస్తూ నిలబడింది.

కొరీన్ బ్రేకులు వదిలి, కాలిబాట ఎక్కి, ఎవరికీ థాంక్స్ చెప్పకుండా షాపు వైపు వెళ్ళిపోయింది.

డెనీస్ దూరంగా వెంట వెళ్ళింది. లోపలికి వెళ్ళలేదు. షాపు అద్దాల్లోంచి చూసింది. కొరీన్ ఒక మూల కుర్చీ ఆపుకుని, గ్లవ్స్ తీసి, కుడి బూటు విప్పింది. మేజోడు తీసి ఒక్కొక్క వేలూ విడదీసి చూసింది. మడమ తిప్పి, కింద చిన్న అద్దం పెట్టి చూసుకుంది. తర్వాత పాదాన్ని రెండు అరచేతుల మధ్య పెట్టుకుంది. అచ్చం తల్లి చేసే వరసలోనే. కొనుక్కోవడానికి వచ్చినవాళ్ళు చుట్టూ తిరుగుతున్నారు. ఒకావిడ వింతగా చూసింది కూడా. కొరీన్ పట్టించుకోకుండా ఎడమ బూటు విప్పింది.

డెనీస్‌కి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళూ తాను కాపాడుతున్నాననుకుంది. పిల్ల పక్కనే కూర్చుని నేర్చుకుంటోందని ఒక్కసారీ తోచలేదు. ఆమె లోపలికి వెళ్ళకుండానే వెనక్కి తిరిగింది. కూతురు బయటికొచ్చేసరికి తాను వచ్చిన సంగతి తెలియకూడదనిపించింది.

ఆ సాయంత్రం వాల్ట్ తన పర్యవేక్షకుడితో గొడవ పడొచ్చాడు. ఇకనుంచి ప్రతి మూల దగ్గరా పలక ఎత్తి, మంచు అవతలికి తీసుకెళ్ళి పోస్తానని చెప్పాడట. అలా చేస్తే పని ఆలస్యమవుతుందని ఆయన అన్నాడట. ఆలస్యమైతే కానివ్వమన్నాడట వాల్ట్. మర్నాడు రాతపూర్వకంగా హెచ్చరిక వచ్చింది. వాల్ట్ దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, మళ్ళీ అలాగే చేశాడు. డిపోలో మిగతావాళ్ళు నవ్వారు. అందులో ఒకడు మాత్రం, వాళ్ళమ్మ కర్రతో నడుస్తుందని, వారం తిరక్కుండానే తానూ మొదలుపెట్టాడు.

విమానాశ్రయానికి కూతుర్ని డెనీసే కారులో తీసుకెళ్ళింది. లోపలికి వెళ్ళే చోట కొరీన్ ఆగి తల్లి వైపు చూసింది.

"నేను ఒప్పుకోలేదు," అంది డెనీస్. "నువ్వు వెళ్తున్నావు, అంతే."

"తెలుసు."

"రోజూ ఫోన్ చెయ్యక్కర్లేదు."

"చేస్తాను," అంది కొరీన్.

మొదటి రెండు రోజులూ ఉత్సాహంగా చేసింది. ఊరి నడిబొడ్డున భవనాల కింద సొరంగాల్లాంటి దారులున్నాయని, బయటికి రాకుండానే చాలా దూరం వెళ్ళొచ్చని, అయితే శనాదివారాల్లో కొన్ని తలుపులు మూసేస్తారని చెప్పింది. నది మీది వంతెన దగ్గర గాలికి కుర్చీ పక్కకి జరిగిపోయిందని నవ్వుతూ చెప్పింది. మూడో రోజు ఫోన్‌లో గొంతు వేరుగా ఉంది. రోడ్డుకి పైన, వంతెనల మీద నడిచే రైలు ఎక్కేముందు, దిగే స్టేషన్‌లో లిఫ్ట్ పనిచేస్తోందో లేదో కనుక్కుందట. చేస్తోందన్నారట. తీరా దిగాక అది ఆగిపోయి ఉంది. ప్లాట్‌ఫామ్ మీద నాలుగు వైపుల నుంచీ గాలి. కాలేజీ కుర్రాళ్ళు కొందరు ఎత్తుకుని దింపుతామన్నారట. వద్దంది. మళ్ళీ రైలెక్కి, లిఫ్ట్ పనిచేసే స్టేషన్ దాకా వెళ్ళి, అక్కడ బస్సు పట్టుకుని వెనక్కి వచ్చింది. బస్సులో కూర్చుని కోపంతో ఏడ్చిందట.

వచ్చెయ్యమన్న మాట డెనీస్ నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. "రేపు ఎటు వెళ్తున్నావు?" అని అడిగింది.

రేపు సంగీత కళాశాల దాకా వెళ్ళి, దారి మొత్తం చూసి రాయాలనుకున్నానని, కానీ ఇక అవసరం లేదేమోనని చెప్పింది కొరీన్. మారిసోల్‌ని పంపనని వాళ్ళమ్మ ఆ ఉదయమే తేల్చి చెప్పేసిందట. మంచులో కుర్చీ ఏమిటి, పడిపోతే ఎవరు చూస్తారు, కాళ్ళు గడ్డకడితే ఎవరికి తెలుస్తుంది అందట. ఆ పిల్ల వెక్కి వెక్కి ఏడుస్తోందట.

డెనీస్ కుర్చీలో కూర్చుంది. ఆవిడని తిట్టడానికి ఆమెకి నోరు రాలేదు. ఆ మాటల్లో ఒక్కటి కూడా తాను అననిది లేదు.

"వాళ్ళమ్మ నంబరు కనుక్కుని నాకు పంపు," అంది. "నువ్వు రేపు కళాశాలకి వెళ్ళి దారి చూసిరా."

టూసాన్‌లో ఫోనెత్తినావిడ పేరు గ్రసియేలా. మొదట చాలా కటువుగా మాట్లాడింది. ఎవరో ముక్కూ మొహం తెలియని అమ్మాయి మాటలు విని తన కూతురు పాడైపోయిందంది. మీ పిల్లని మీరు పంపుకున్నారు, నాకెందుకు చెప్తారంది. డెనీస్ అంతా విన్నది. మధ్యలో అడ్డు రాలేదు. ఆవిడ అలిసిపోయి ఆగాక, మెల్లగా మొదలుపెట్టింది.

"నేను పంపలేదండీ. నా మాట కాదని అదే వెళ్ళింది. నాకు భయం తగ్గిందని చెప్పడానికి ఫోన్ చెయ్యలేదు, ఇప్పుడు కూడా భయంగానే ఉంది. ఇవాళ స్టేషన్‌లో ఇరుక్కుపోయింది. ఏడ్చింది. తర్వాత దారి వెతుక్కుంది. నేను పక్కనుంటే ఆ దారి వెతికేదాన్ని నేనే. దానికెప్పటికీ తెలిసేది కాదు."

ఫోన్‌లో అవతల ఎక్కడో వెనక గదిలో ఎవరో వయోలా మీద ఒకే చోట మళ్ళీ మళ్ళీ తప్పుతూ, మళ్ళీ మళ్ళీ మొదలుపెడుతున్నారు. ఇద్దరు తల్లులూ కాసేపు అది విన్నారు.

"ఇక్కడ చలికోట్లు కూడా దొరకవు," అంది చివరికి గ్రసియేలా. గొంతులో ముందున్న కటుత్వం లేదు. "ఏం కొనాలో కూడా నాకు తెలీదు."

డెనీస్ చెంపల మీదికి జారిన నీళ్ళు మణికట్టుతో తుడుచుకుని, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"నేను చెప్తాను. ముందు బూట్లు. ఆ అమ్మాయి సైజు కన్నా ఒకటి పెద్దవి తీసుకోండి. బిగుతుగా ఉంటే నెత్తురు ఆడదు," అని మొదలుపెట్టింది.